బేస్‌బాల్ స్టేడియం ఊళ్ళో ఉండాలా, శివారుకు పోవాలా? ఓటు వేసే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి బేస్‌బాల్ అంటే ఆఫీసు వాళ్ళు టికెట్లు ఇచ్చినప్పుడు వెళ్ళొచ్చే ఆట. ఇన్నింగ్స్ ఎన్నో తెలియకపోయినా నడిచిపోతుంది. కానీ స్టేడియం ఎక్కడ కట్టాలన్న పంచాయితీ మాత్రం ఆట రానివాళ్ళ ఇంటికీ వస్తుంది. ఒకచోట సేల్స్ టాక్స్ రూపంలో, ఇంకోచోట కౌంటీ బడ్జెట్‌లో కోత రూపంలో. పౌరసత్వం తీసుకున్నవాళ్ళకైతే ఒక్కోసారి నేరుగా బ్యాలెట్ మీదే వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీం శివారుకు వెళ్తే లాభం టీంకి. పిలిచి చోటిచ్చిన కౌంటీకి సాధారణంగా అది నష్టపు బేరం. పోగొట్టుకున్న నగరానికి మాత్రం అందరూ భయపెట్టినంత నష్టం ఉండదు. ఈ మూడూ ఒకేచోట కనిపించే ఊరు అట్లాంటా. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

అట్లాంటా బ్రేవ్స్: ఊరి మధ్య నుంచి కాబ్ కౌంటీకి

బ్రేవ్స్‌కి ఊళ్ళు మారడం కొత్త కాదు. బోస్టన్‌లో పుట్టిన టీం 1953లో మిల్వాకీకి, 1966లో అట్లాంటాకి వచ్చింది. 1996 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియాన్ని బేస్‌బాల్‌కి తగ్గట్టు మార్చి, టర్నర్ ఫీల్డ్ అని పేరు పెట్టి, 1997 నుంచి అందులో ఆడింది. లీజు ఇరవై ఏళ్ళు, 2016తో సరి. 2013 నవంబర్ 11న టీం ఉన్నట్టుండి ప్రకటించింది: లీజు పొడిగించం, ఉత్తరాన కాబ్ కౌంటీకి వెళ్తున్నాం అని. అదే నెల 26న కౌంటీ కమిషన్ 4–1 తేడాతో ఒప్పేసుకుంది. అంటే పదిహేను రోజులు. జనం ఓటు లేదు. ఇంట్లో వంటగది మార్చుకోవడానికి కూడా మనం అంతకంటే ఎక్కువ రోజులు ఆలోచిస్తాం.

టీం చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. టర్నర్ ఫీల్డ్‌కి మరమ్మతులకే 15 కోట్ల డాలర్లు కావాలంది. ప్రేక్షకుల సౌకర్యాలకు ఇంకో 20 కోట్లు. అట్లాంటా ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ మార్టా నడిపే రైలు స్టేడియం దాకా రాదు. దగ్గరి స్టేషన్ దాదాపు మైలు దూరం, లేదంటే షటిల్ బస్సు పట్టుకోవాలి. వీటితోపాటు ఒక మ్యాప్ కూడా విడుదల చేసింది. టికెట్లు కొన్నవాళ్ళ ఇళ్ళను ఎర్రచుక్కలతో చూపించే మ్యాప్. చుక్కలన్నీ ఉత్తరపు శివార్లలో గుమిగూడి ఉన్నాయి.

ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్... తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళన్నీ ఆ ఉత్తరం వైపువే. కాబట్టి మనకు స్టేడియం దగ్గరయినట్టే లెక్క. మైళ్ళలో చూస్తే నిజమే. కానీ కొత్త స్టేడియం ఉన్నది 75, 285 హైవేలు కలిసేచోట. వారం మధ్యలో సాయంత్రం ఆరింటికి జీఏ 400 హైవే దిగి 285 మీద పడమటికి తిరిగినవాళ్ళకి ఆ దగ్గరితనం ఎంతో బాగా తెలుసు. ఈ టెన్షన్ టీంకీ తెలుసు. అందుకే 2017లో తొలి సీజన్‌లో వారం మధ్య మ్యాచ్‌లను రాత్రి 7:35కి మొదలుపెట్టింది. మర్నాడు స్కూలున్న పిల్లాణ్ణి తీసుకెళ్తే తొమ్మిదింట్లో ఏడో ఇన్నింగ్స్‌కే లేచి రావాలి.

ఇక ఆ మ్యాప్ సంగతి. టికెట్ కొన్నవాళ్ళ ఇల్లు ఎక్కడుందో అది చెబుతుంది. మ్యాచ్ రోజు వాళ్ళు ఏ ఆఫీసు నుంచి బయల్దేరారో చెప్పదు. రావాలని ఉండీ రాలేనివాళ్ళు ఎక్కడున్నారో అసలే చెప్పదు. ఏ టీం ఇలాంటి మ్యాప్ చూపించినా మొదట ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

రైలు సంగతికొస్తే, స్టేడియం దాకా మార్టా రాదని టర్నర్ ఫీల్డ్‌ను వదిలిన టీం, మార్టాయే లేని కౌంటీకి వెళ్ళింది. 1965లోనే కాబ్ ఓటర్లు మార్టాలో చేరడానికి ఒప్పుకోలేదు. నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉన్న నగరం నుంచి రైలు మా వైపు రాకూడదన్న జాతి భయం ఆనాటి శివార్ల రాజకీయంలో బలంగా ఉండేది. 2024 నవంబర్‌లో ప్రజా రవాణా కోసం సేల్స్ టాక్స్ పెంచుదామంటే మళ్ళీ కాదన్నారు. అరవై ఏళ్ళలో స్టేడియం వచ్చింది కానీ రైలు రాలేదు. కాబట్టి ‘ముందు స్టేడియం కడితే రవాణా దానంతటదే వస్తుంది’ అని ఎవరైనా చెబితే, ఏ ఏడాదికి వస్తుందో రాసివ్వమనండి.

హైదరాబాద్ వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎల్‌బీ స్టేడియం నుంచి ఉప్పల్‌కి మారాయి. 2005 నవంబర్‌లో అక్కడ తొలి వన్డే జరిగింది. ‘స్టేడియం’ పేరుతోనే మెట్రో స్టేషన్ తెరుచుకునేసరికి 2017 నవంబర్ అయింది. అయితే ఉప్పల్‌లో ఏడాదికి పెద్ద మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, ఆ కాసిన్ని రోజులు జనం ఎలాగో సర్దుకుపోతారు. బేస్‌బాల్‌లో ఒక్కో టీం సొంత గడ్డ మీద 81 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో ఎక్కువభాగం పనిరోజుల సాయంత్రాలే. అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంతో పోల్చి మాట్లాడేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. ఫుట్‌బాల్ టీంకి సీజన్‌కి ఎనిమిదో తొమ్మిదో హోమ్ మ్యాచ్‌లు, అవీ చాలావరకు ఆదివారాలు. ఫుట్‌బాల్‌కి ఊరవతల పార్కింగ్ మైదానం సరిపోతుంది. బేస్‌బాల్‌కి మనిషి ఆఫీసు నుంచి నేరుగా రాగలగాలి.

అసలు సంగతి ఆటలో లేదు, స్థలంలో ఉంది

టర్నర్ ఫీల్డ్ చుట్టూ ఉన్న పార్కింగ్ స్థలాలు టీంవి కావు, ప్రభుత్వ సంస్థవి. అక్కడ ఏం కట్టాలన్నా టీం చేతుల్లో లేదు. కాబ్‌లో దొరికింది దాదాపు 60 ఎకరాలు. స్టేడియాన్ని ఆనుకుని ది బ్యాటరీ పేరుతో ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, హోటల్, రెస్టారెంట్లు కట్టుకున్నారు. మ్యాచ్ లేని రోజు మధ్యాహ్నం వెళ్ళినా అక్కడ జనం ఉంటారు. స్టేడియం గేటు ఎదుటి పచ్చికలో పిల్లలు ఆడుకుంటుంటారు, పక్కన బీరు షాపులో ఎక్కడో జరుగుతున్న మ్యాచ్ టీవీలో నడుస్తుంటుంది. ఆ అద్దెలన్నీ టీం యాజమాన్యానికే వెళ్తాయి. బ్రేవ్స్ 2023లో షేర్ మార్కెట్‌లో విడి కంపెనీగా లిస్టయింది కాబట్టి లెక్కలు బయటికొస్తున్నాయి. ఆ ఏడాది ఆదాయం సుమారు 64 కోట్ల డాలర్లయితే, అందులో దాదాపు 5.9 కోట్లు ఈ రియల్ ఎస్టేట్ నుంచి వచ్చింది. ఆటగాడి మోకాలు దెబ్బతిన్నా, టీం చివరి స్థానంలో ఉన్నా ఆ అద్దె ఆగదు.

జనం కూడా పెరిగారు. 2016లో సుమారు 20 లక్షల మంది, 2017లో 25 లక్షలు, 2022లో 31 లక్షలు దాటారు. దీన్నంతా శివారు మహిమగా చూపిస్తారు. కానీ 2018 నుంచి 2023 దాకా వరుసగా ఆరేళ్ళు లీగ్‌లో తన గ్రూపు (డివిజన్) గెలిచి, 2021లో బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ కూడా కొట్టిన టీంకి జనం రాకపోతే ఎవరికొస్తారు? కొత్త స్టేడియం మోజు కొన్నాళ్ళు ఎక్కడైనా ఉంటుంది. ఈ స్టేడియంలో సీట్లు దాదాపు 41 వేలు, టర్నర్ ఫీల్డ్ కంటే ఎనిమిది వేలకు పైగా తక్కువ. సీట్లు తగ్గితే టికెట్ ధర నిలబడుతుందన్న లెక్క కూడా అందులో ఉంది.

కౌంటీ సంగతి చూడండి. కాబ్ వాటా సుమారు 30 కోట్ల డాలర్లు. ప్రాపర్టీ టాక్స్ నుంచి కొంత మళ్ళించారు, హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద పన్ను వేశారు, చుట్టుపక్కల వ్యాపార ప్రాంతం మీద ప్రత్యేక పన్ను వేశారు. ఈ వాటా కోసం అప్పు తెచ్చే బాండ్ల మీద కోర్టుకెళ్ళినవాళ్ళు 2015లో జార్జియా సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయారు. అదే కౌంటీలో ఉన్న కెన్నెసా స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్త జె.సి. బ్రాడ్‌బరీ లెక్క ప్రకారం ఈ బేరం వల్ల కౌంటీకి ఏటా కోటిన్నర డాలర్ల దాకా లోటు. చుట్టుపక్కల ఆస్తుల విలువ పెరిగింది, స్కూళ్ళకు పన్నులొస్తున్నాయి అని కౌంటీ వాదన. విలువ పెరగడం నిజమే. కానీ రెండు పెద్ద హైవేలు కలిసేచోట, పెద్ద మాల్ పక్కన ఖాళీగా ఉన్న అరవై ఎకరాల్లో స్టేడియం రాకపోతే ఏమీ వచ్చేదే కాదా? ఆ పోలిక చేయకుండా పెరిగిన విలువంతా స్టేడియం ఖాతాలో రాయడం సరైన లెక్క కాదు. ఒప్పందాన్ని ముందుండి నడిపించిన కమిషన్ చైర్మన్ టిమ్ లీ 2016లో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయాడు. ఓటర్ల తీర్పు అలా ఆలస్యంగా వచ్చింది.

వదులుకున్న ఊరు ఏమైంది?

ఈ భాగం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు, నాకైతే అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. మేయర్ కాసిం రీడ్ కాబ్‌తో వేలంపాటకు దిగలేదు. అప్పటికే ఫుట్‌బాల్ టీం ఫాల్కన్స్ కొత్త స్టేడియానికి హోటల్ పన్ను నుంచి 20 కోట్లు ఇస్తామని నగరం ఒప్పుకుని ఉంది. బ్రేవ్స్ పోతే నగరం పరువు పోతుందని అప్పట్లో చాలా గోల జరిగింది.

టర్నర్ ఫీల్డ్ ఉన్న సమ్మర్‌హిల్ ప్రాంతంలో 1960ల్లో టర్నర్ ఫీల్డ్‌కి ముందున్న పాత స్టేడియం కోసం, హైవేల కోసం, పార్కింగ్ కోసం నల్లజాతి కుటుంబాల ఇళ్ళు కూలగొట్టారు. తర్వాత యాభై ఏళ్ళు అక్కడ మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడారు. స్టేడియం వస్తే చుట్టూ వ్యాపారాలు లేస్తాయన్న మాట నిజమైతే, దాన్ని నిరూపించడానికి యాభై ఏళ్ళు చాలవా? మ్యాచ్ ఉన్న సాయంత్రం కార్లతో నిండే తారు మైదానాలు, మిగతా రోజుల్లో ఖాళీ తారు. టీం వెళ్ళాక జార్జియా స్టేట్ యూనివర్సిటీ, ఒక నిర్మాణ సంస్థ కలిసి 3 కోట్ల డాలర్లకు ఆ స్థలం కొన్నాయి. స్టేడియాన్ని యూనివర్సిటీ ఫుట్‌బాల్‌కి మార్చారు. పార్కింగ్ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, జార్జియా ఎవెన్యూ మీద పాత షాపులు బాగుచేసి హోటళ్ళు పెట్టారు, చివరికి పబ్లిక్స్ సూపర్‌మార్కెట్ కూడా వచ్చింది. అద్దెలు పెరిగి పాతవాళ్ళకి ఇబ్బందయిన మాట వేరే. కానీ టీం పోతే ఊరు పాడుబడుతుందన్న భయానికి సమ్మర్‌హిల్ చెప్పే సాక్ష్యం సరిగ్గా దానికి ఎదురు.

రెండో దారి: డౌన్‌టౌన్‌కి రావడం

శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 1960 నుంచి 1999 దాకా నగరం దక్షిణపు అంచున క్యాండిల్‌స్టిక్ పార్కులో ఆడింది. బే మీదినుంచి వీచే చలిగాలికి జూలై రాత్రి కూడా కోట్లు వేసుకుని కూర్చోవాల్సిన చోటు అది. బోలెడంత పార్కింగ్ ఉన్నా రావాలనిపించేది కాదు. కొత్త స్టేడియానికి ప్రజాధనం కావాలని టీం నాలుగుసార్లు ఓటు అడిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1987లో, 1989లో, తర్వాత శివార్లకి వెళ్ళి శాంటాక్లారా కౌంటీలో 1990లో, శాన్‌హోసేలో 1992లో. నాలుగుసార్లూ కాదన్నారు. చివరికి 1996లో కొత్త యాజమాన్యం సొంత డబ్బుతో కట్టుకుంటామని వస్తే అప్పుడు సరేనన్నారు. 2000లో ఊరి మధ్యన, నీటి ఒడ్డున స్టేడియం తెరుచుకుంది. ఖర్చు సుమారు 35 కోట్ల డాలర్లు. స్టేడియం పేరు హక్కుల కింద ఫోన్ కంపెనీ ఇచ్చిన 5 కోట్లు, బ్యాంకు అప్పు, ముందుగా అమ్ముకున్న సీట్లు... ఇలా సమకూర్చుకున్నారు. నగరం చుట్టుపక్కల పనులకు కొంత ఖర్చు పెట్టింది కానీ కట్టడం బరువు టీందే. కాల్‌ట్రెయిన్ స్టేషన్ నడిచే దూరంలో ఉంది, మ్యూనీ రైలు వాకిట్లోనే ఆగుతుంది. తొలి ఏడాదే 33 లక్షల మంది వచ్చారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఓటర్లు నాలుగుసార్లు కాదన్నందుకే ఐదోసారి మంచి బేరం వచ్చింది. ఇంకోటి, శివారుకు పోతేనే రియల్ ఎస్టేట్ లాభం ఉంటుందన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. జెయింట్స్ తమ స్టేడియం ఎదుట కాలువకు అవతలున్న పార్కింగ్ స్థలంలోనే మిషన్ రాక్ పేరుతో ఆఫీసులు, ఇళ్ళు కట్టే ప్రాజెక్టులో భాగస్వామి అయింది. వీసా ప్రధాన కార్యాలయం అక్కడే.

ప్రతి ఊరూ శాన్‌ఫ్రాన్సిస్కో కాదు, నిజమే. రైలు లేని, సాయంత్రం ఐదయ్యేసరికి ఖాళీ అయిపోయే డౌన్‌టౌన్‌లో స్టేడియం పెడితే ఆ ఖాళీ మధ్యలో 81 సాయంత్రాలు వెలుగు ఉంటుందంతే. కాన్సస్ సిటీలో రాయల్స్ టీంది ఇలాంటి పేచీయే. ఊరికి తూర్పున హైవే పక్కనున్న కౌఫ్‌మన్ స్టేడియాన్ని వదిలి డౌన్‌టౌన్‌కి వస్తామంది. అందుకోసం సేల్స్ టాక్స్‌ని నలభై ఏళ్ళు కొనసాగించాలని 2024 ఏప్రిల్‌లో జాక్సన్ కౌంటీ ఓటర్లని అడిగితే 58 శాతం మంది వద్దన్నారు. స్థలం ఏదో ఖరారు చేసింది ఓటింగుకి కొద్ది వారాల ముందు. లీజు షరతులు పూర్తిగా తేలనే లేదు. అలాంటి కాగితం మీద నేనైనా వద్దనే అంటాను, డౌన్‌టౌన్ అంటే నాకు ఎంత ఇష్టమున్నా.

మూడో దారి: ఉన్నచోటే బాగుచేసుకోవడం

దీన్ని కన్సల్టెంట్లు ఎప్పుడూ ఆఖర్న పెడతారు. బోస్టన్ ఫెన్‌వే పార్కు 1912 నాటిది. దాన్ని వదిలేసి పక్కనే కొత్తది కట్టాలని 1990ల చివర్లో పథకం వేశారు. 2002లో వచ్చిన కొత్త యజమానులు ఆ పథకం పక్కనపెట్టి, ఉన్నదాన్నే ఏటా కొంచెం కొంచెం బాగుచేశారు. 2003లో ఎడమవైపు ఎత్తయిన పచ్చగోడ మీద సీట్లు వేశారు, ఆ ఏడాది నుంచి దాదాపు పదేళ్ళు ప్రతి మ్యాచ్‌కీ టికెట్లు అయిపోయాయి. చికాగోలో 1914 నాటి రిగ్లీ ఫీల్డ్‌ని కూడా యజమానులు చాలావరకు సొంత డబ్బుతోనే బాగుచేయించారు. రెండింటికీ రైలు దిగి నడిచి వెళ్ళొచ్చు. పదేళ్ళ పాత స్టేడియంకే ‘కాలం చెల్లింది’ అనేవాళ్ళు ఈ రెండింటి దగ్గర నోరెత్తరు. ప్రతి పాత కట్టడానికీ ఈ అదృష్టం ఉండదు. కాంక్రీటు నిజంగా పాడైతే పడగొట్టాల్సిందే. కానీ ఆ మాట చెప్పాల్సింది టీం నియమించిన ఇంజనీరు కాదు.

టెక్సాస్‌లో అర్లింగ్టన్ గురించి ఒక్క మాట. డల్లస్, ఫోర్ట్‌వర్త్ మధ్యనున్న ఈ శివారులో 1994లో తెరిచిన స్టేడియానికి ఎండ తప్ప పెద్ద లోపమేమీ లేదు. 2016లో ఓటర్లు పైకప్పున్న కొత్తదానికి సరే అన్నారు, నగరం వాటా 50 కోట్లకు మించకూడదన్న షరతుతో. పక్కనే 2020లో అది తెరుచుకుంది. ఆగస్టు మధ్యాహ్నం అక్కడ బయట కూర్చుని మ్యాచ్ చూసినవాళ్ళు ఏసీకి ఓటేశారంటే అర్థం చేసుకోగలను. డబ్బుకి పరిమితి పెట్టారు, అది మంచిపని.

‘లేదంటే వెళ్ళిపోతాం’

ఏ ఊళ్ళోనైనా ఈ మాట తప్పక వినపడుతుంది. చికాగో వైట్ సాక్స్ 1980ల్లో ముందు అడిసన్ అనే శివారుకు పోతామంది. 1986లో అక్కడి ఓటర్లు కొద్దిపాటి తేడాతో వద్దన్నారు. తర్వాత ఫ్లోరిడా పోతామని బెదిరించింది. 1988 జూన్ 30 అర్ధరాత్రి గడువు దాటుతుంటే ఇలినాయ్ శాసనసభలో గడియారం ఆపేసి మరీ బిల్లు పాస్ చేయించారు. అలా ప్రజల సొమ్ముతో 1991లో తెరుచుకున్న స్టేడియం చుట్టూ పార్కింగ్ తప్ప ఏమీ లేదు. మర్నాటి ఏడాదే బాల్టిమోర్‌లో డౌన్‌టౌన్ మధ్య కామ్‌డెన్ యార్డ్స్ తెరుచుకునేసరికి చికాగోది పాతబడిపోయినట్టు కనిపించింది. 2024లో అదే టీం మళ్ళీ కొత్తది కావాలంటూ డౌన్‌టౌన్ దక్షిణాన స్థలం చూపించి, ప్రజాధనం అడిగింది.

బెదిరింపులన్నీ ఉత్తివే అనను. ఓక్లాండ్ టీం 2024తో నిజంగానే వెళ్ళిపోయింది. కానీ ఎక్కడో కొనే ఊరు సిద్ధంగా ఉందా, వాళ్ళ దగ్గర స్థలం, డబ్బు, శాసనసభ ఆమోదం మూడూ ఉన్నాయా అని చూడకుండా భయపడి సంతకం పెట్టడం మాత్రం అనవసరం.

మీ ఊళ్ళో ఈ ఓటు వస్తే

మీరు శివారు కౌంటీలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళయితే, టీం మీ దగ్గరికి వస్తానంటే, నా సలహా: సొంత డబ్బుతో వస్తే రమ్మనండి, రోడ్లు వేయండి, అంతకు మించి వద్దు. ది బ్యాటరీ లాంటి అద్దెల ఆదాయం టీంకి వెళ్తుంటే స్టేడియం ఖర్చులో మీ వాటా ఎందుకు? వాటా పెట్టాల్సివస్తే అద్దెల్లోనూ వాటా అడగండి. ఆ మాట ఎత్తగానే బేరం ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

టీం పోతానంటున్న నగరంలో మీరుంటే, ఆ స్థలంలో ఇంకేం రావచ్చో ముందు లెక్కవేయండి. రైలు స్టేషన్ పక్కనున్న స్టేడియం అయితే నిలుపుకోవడానికి కొంత ఖర్చుపెట్టడంలో అర్థముంది, ముఖ్యంగా మరమ్మతులకి. చుట్టూ పార్కింగ్ మైదానాలే ఉంటే మర్యాదగా సాగనంపండి. భూమి మీ చేతికి తిరిగొస్తుంది.

మీరు కేవలం అభిమాని అయితే, మీ ఇంటికి దగ్గరైందా అన్నది న్యాయమైన ప్రశ్నే. కాకపోతే మ్యాప్‌లో మైళ్ళు చూడకండి. మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫోన్లో ఎన్ని నిమిషాలు చూపిస్తోందో చూడండి, పార్కింగ్ డబ్బులు కూడా కలపండి.

ఎటు ఓటేసినా ఒప్పందంలో ఒక చోటు తప్పక చదవండి: బాండ్లు ఎన్నేళ్ళు తీర్చాలి, టీం ఎన్నేళ్ళు ఉండాలి. టర్నర్ ఫీల్డ్‌లో బ్రేవ్స్ ఆడింది 20 సీజన్లు. అర్లింగ్టన్ పాత స్టేడియంలో అక్కడి టీం రేంజర్స్ 26. మీ కౌంటీ అప్పు 30 ఏళ్ళదైతే లీజు కూడా కనీసం 30 ఏళ్ళుండాలి, మధ్యలో వెళ్తే మిగిలిన అప్పు టీమే కట్టాలని రాసి ఉండాలి. ఖర్చు అంచనా దాటితే ఆ పైమొత్తం ఎవరిదో కూడా అదే పేజీలో వెతకండి. ఆ రెండూ కనిపించకపోతే ‘నో’ నొక్కండి.